స్టార్లు చూసి చందా ఇచ్చేయొచ్చా? ఎన్జీవోలని చెక్ చేసే సైట్ల మీద నా రివ్యూ

నాన్న సంవత్సరీకం దగ్గర పడుతుంటే అమ్మ ఒక మాట అంది, భోజనాల ఖర్చు సగానికి తగ్గించి ఆయన పేరు మీద పిల్లల చదువుకి ఏదైనా ఇద్దామే అని. నాన్న కృష్ణా జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నా తరఫున 75 వేలు, డల్లాస్‌లో ఉన్న అన్నయ్య 1,500 డాలర్లు, దానికి వాళ్ళ కంపెనీ అంతకంత కలుపుతుంది, మ్యాచింగ్ అంటారుగా అది. ఇదంతా ఒక్క ఫోన్‌కాల్లో తేలిపోయింది. ఎవరికివ్వాలి అన్న దగ్గరే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని తిరగేసిన సైట్లన్నిటి మీదా ఇది రివ్యూ, పొడుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా.

ఇంత అనుమానం ఎందుకొచ్చిందంటే, రెండేళ్ళ కింద ఒక ఫోనొచ్చింది. "మేడమ్, ఏడేళ్ళ బాబుకి గుండె ఆపరేషన్, సాయంత్రం లోపల కట్టాలి మేడమ్" అని ఒక అమ్మాయి, గొంతులో ఏడుపు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో లేచి ఐదు వేలు పంపా. వాట్సాప్‌లో రసీదు వచ్చింది, దాని మీద 80జి (చందాకి టాక్స్ మినహాయింపు ఇచ్చే సెక్షన్) నంబరూ ఉంది, బాబు ఫోటో కూడా ఉంది. తర్వాత రిటర్న్ వేసేటప్పుడు 10బిఇ సర్టిఫికెట్ (చందా అందిందని టాక్స్ లెక్కకి సంస్థ ఇచ్చే కాగితం) పంపండి అంటే ఇవాళ రేపు అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసారు. కొత్త బాబు కథతో వేరే నంబర్ నుంచి ఫోన్ మాత్రం నెలకోసారి తప్పకుండా వచ్చేది. పేరు రాయను, ఎలాగూ అలాంటివి ఇంకో పది ఉంటాయి. నాకు బాగా మండింది ఎక్కడంటే, అప్పుడు వెళ్ళి చూస్తే ఆ సంస్థకి దర్పణ్ ఐడీ ఉంది.

కాబట్టి దర్పణ్‌తోనే మొదలెడతా. నీతి ఆయోగ్ నడిపే పోర్టల్ ఇది, ఎన్జీవో దర్పణ్. రాష్ట్రం, జిల్లా పెట్టి వెతికితే సంస్థ పేరు, ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది, కమిటీలో ఎవరున్నారు, ఏ రంగంలో పని చేస్తారు, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ చందా తీసుకునే అనుమతి) ఉందా లేదా, ఇవన్నీ వస్తాయి. వినడానికి బావుంది కదా, చిక్కేంటంటే అక్కడ ఉన్నదంతా సంస్థ వాళ్ళు తమ గురించి తాము నింపుకున్నది. ప్రభుత్వ గ్రాంటుకి అప్లై చెయ్యాలంటే ఆ ఐడీ కావాలి కాబట్టి అందరూ తీసుకుంటారు. రేషన్ కార్డు ఉన్నోళ్ళందరూ మంచోళ్ళు అంటామా, ఇదీ అంతే. చాలామంది మాత్రం 'నీతి ఆయోగ్ రిజిస్టర్డ్' అని కరపత్రం మీద పెద్ద అక్షరాలతో వేసుకుంటారు, చదివేవాడు ప్రభుత్వమే వీళ్ళని పరీక్ష పెట్టి పాస్ చేసింది అనుకుంటాడు. దీనికి ఐదుకి రెండు, అది కూడా కమిటీ పేర్లు చూసుకోవడానికి పనికొస్తుందని. ముగ్గురు ట్రస్టీలది ఒకటే ఇంటిపేరు ఉంటే కొంచెం ఆగి ఆలోచించండి, తప్పు అనట్లేదు, ఆలోచించండి అంతే.

ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ సైట్ దీనికన్నా నయం, ఎందుకంటే అక్కడున్నది డిపార్ట్‌మెంట్ ఇచ్చిన రిజిస్ట్రేషన్, వీళ్ళు రాసుకున్నది కాదు. 80జి ఉందో లేదో పాన్ నంబర్‌తో సరిచూసుకోవచ్చు. ఒక చిన్న విషయం చాలామందికి తెలీదు, 2021లో పాత సంస్థలన్నీ మళ్ళీ కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వచ్చింది, అదీ ఐదేళ్ళకే, కొత్త సంస్థలకైతే ముందు మూడేళ్ళ ప్రొవిజనల్. కాబట్టి ఎవరైనా 'మాకు ఎప్పట్నుంచో 80జి ఉందండీ' అని పసుపురంగుకి మారిన లెటర్ జిరాక్స్ పంపితే దాన్ని పక్కన పెట్టి కొత్త నంబర్ అడగండి. ఇంకోటి, చందాలన్నిటి లెక్కా సంస్థ 10బిడి అనే ఫామ్‌లో డిపార్ట్‌మెంట్‌కి పెట్టాలి, మనకి 10బిఇ ఇవ్వాలి, రెండిటికీ గడువు మే 31. 10బిఇ రాలేదంటే మీ డబ్బు వాళ్ళ పుస్తకంలోకి ఎక్కలేదేమో అని అనుమానపడొచ్చు. రెండు వేలు దాటి క్యాష్ ఇస్తే 80జి మినహాయింపు ఎలాగూ రాదు, క్యాషే ఇవ్వండి అని బతిమాలే సంస్థ అంటే నాకైతే దూరం నుంచే నమస్కారం.

అసలు ఈ 80జి పిచ్చి గురించి ఒక మాట. ఎక్కువ సంస్థలకి వచ్చేది సగం మినహాయింపే, అంటే పదివేలిస్తే ఐదువేలు మన ఆదాయంలోంచి తీస్తారు, ఇరవై శాతం శ్లాబులో ఉంటే మిగిలేది వెయ్యి రూపాయలు చిల్లర. కొత్త టాక్స్ పద్ధతిలో ఉంటే అదీ లేదు, ఇప్పుడు మనం ఏమీ ఎంచుకోకపోతే పడేది ఆ కొత్త పద్ధతిలోకే. మెట్రో స్టేషన్ దగ్గర ట్యాబ్ పట్టుకుని నెలనెలా ఆటో డెబిట్ పెట్టమని వెంటపడే పిల్లలు మాత్రం ఇంకా 'టాక్స్ సేవ్ అవుతుంది సర్' అనే అంటున్నారు. పాపం వాళ్ళకీ టార్గెట్లు ఉంటాయి లెండి.

అన్నయ్య వైపు లోకం వేరు. అమెరికాలో 501(సి)(3) సంస్థలు, అంటే టాక్స్ లేని సేవా సంస్థలు (గుళ్ళూ చర్చిలూ లాంటివి తప్ప దాదాపు అన్నీ) ఏటా ఐఆర్ఎస్‌కి, అంటే అక్కడి టాక్స్ శాఖకి, ఫామ్ 990 వెయ్యాలి. అది పబ్లిక్ కాగితం, ఎవరడిగినా చూపించాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పైనున్నవాళ్ళ జీతం ఎంత, బోర్డులో ఎవరెవరు, అన్నీ. మన దగ్గర ఇలా ఒకే చోట దొరికేది లేదు, సెక్షన్ 8 కంపెనీ (లాభాల కోసం కాకుండా సేవకి పెట్టిన కంపెనీ) అయితే కంపెనీల శాఖ వాళ్ళ ఎంసీఏ పోర్టల్లో వంద రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు (చూసా, ఆ సైట్ మూడుసార్లు లాగౌట్ చేసింది, అయినా దొరికింది), సొసైటీ, ట్రస్టు అయితే ఇంట్లో కూర్చుని చూసే దారి నాకు కనపడలేదు, వాళ్ళనే అడుక్కోవాలి.

అన్నయ్య ఫోన్లో ముందే తేల్చేసాడు, "చారిటీ నావిగేటర్‌లో నాలుగు స్టార్లు ఉన్నదానికి ఇచ్చేద్దాం, ఎందుకింత బుర్ర పాడుచేసుకుంటావ్" అని. ఆయన హోటల్ కూడా అలాగే ఎంచుకుంటాడు. సరే అని నేను ఆ సైట్‌లో మూడు నాలుగు రోజులు పడి దొర్లా. 2001లో న్యూజెర్సీలో పాట్ డూగన్, మారియన్ డూగన్ అనే భార్యాభర్తలు మొదలెట్టారు. ఫ్రీ, లాగిన్ లేకుండా చూడొచ్చు, వాడటం చాలా ఈజీ, అందులో వంక పెట్టేది లేదు. వందకి మార్కులేసి 90 దాటితే నాలుగు స్టార్లు, 75 దాటితే మూడు, అలా కిందకి. మొదట్లో ఉత్త లెక్కలే చూసేవాళ్ళు, 2011లో పారదర్శకత చేర్చారు, అంటే ఆడిట్ ఉందా, బోర్డులో బయటివాళ్ళు ఎక్కువ ఉన్నారా, తప్పు జరిగితే చెప్పినవాళ్ళకి రక్షణ ఉందా ఇలాంటివి. 2020లో ఇంపాక్ట్‌మ్యాటర్స్ అనే సంస్థని కలుపుకుని ఫలితం మీద కూడా మార్కులు వెయ్యడం మొదలెట్టారు. ఇక్కడే కిటుకు ఉంది, ఫలితం మార్కు చాలా సంస్థలకి ఖాళీగానే ఉంటుంది, లెక్కల మార్కుతోనే స్టార్లు వచ్చేస్తాయి. నాలుగు స్టార్లు అంటే పిల్లలు బాగా చదువుకుంటున్నారని మా అన్నయ్య అనుకున్నాడు, దాని అర్థం ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయని.

ఇంకో పెద్ద విషయం, మన దేశంలో పనిచేసే సంస్థలకి ఇచ్చేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఆ సైట్‌లో మనకి కనపడేది అమెరికాలో ఉన్న శాఖ మాత్రమే, అసలు పని చేసేది ఇక్కడి సంస్థ. అమెరికా శాఖ పని డాలర్లు పోగుచేసి ఇండియాకి పంపడం. అలా పంపిన డబ్బు మొత్తం వాళ్ళ 990లో 'కార్యక్రమాల ఖర్చు' కింద పడుతుంది. శాఖని నడిపేది వీకెండ్లలో పనిచేసే వాలంటీర్లు కాబట్టి జీతాలు ఉండవు, అద్దె ఉండదు. అంటే తొంభై ఏడు, తొంభై ఎనిమిది శాతం కార్యక్రమాలకే అని ఘనంగా కనపడటానికి ఏ కష్టమూ లేదు, డబ్బు వైర్ చెయ్యడమే కార్యక్రమం అన్నమాట. ఇక్కడికొచ్చాక ఆ డబ్బు పుస్తకాలైందా, కారైందా, ఫంక్షన్ హాల్ అద్దె అయిందా అన్నది ఆ శాతంలో ఎక్కడా లేదు. ఈ ముక్క అర్థమైన రాత్రి నేను అన్నయ్యకి పొద్దున్న ఐదింటికి (వాళ్ళకి సాయంత్రం) ఫోన్ చేసి చెప్పా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే 990 నేనే చదువుతా" అన్నాడు. నాన్న కొడుకే కదా.

ఆ 990లు చదవడానికి ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ వాళ్ళ నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ అని ఉంది, 2013 నుంచి ఉంది, నాకు వీటన్నిటిలోకీ బాగా నచ్చింది ఇదే, ఐదుకి నాలుగున్నర. స్టార్లు, మెచ్చుకోళ్ళు ఏమీ ఉండవు, కాగితం తెచ్చి ముందు పెడుతుంది అంతే. పార్ట్ 7లో ఎవరికెంత జీతం, పార్ట్ 9లో ఖర్చులు మూడు వరసల్లో, కార్యక్రమాలకెంత, ఆఫీసుకెంత, చందాలు పోగుచెయ్యడానికెంత. ఐదేళ్ళవి పక్కపక్కన పెట్టుకుని చూస్తే కథ తెలుస్తుంది. ఒక సంస్థకి ఏటా వచ్చేదంతా బ్యాంకులో పేరుకుపోతోంది, ఖర్చు మాత్రం పెరగట్లేదు, దానికి మళ్ళీ 'అర్జెంటు' అని మెయిళ్ళు. ఇంకోదానికి బోర్డులో సగం మంది మారిపోయారు. స్టార్లలో ఇవేవీ కనపడవు. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే చిన్న సంస్థలకి మాత్రం 990-ఎన్ అని పోస్ట్‌కార్డులాంటి ఫామ్ చాలు, అందులో లెక్కలేమీ ఉండవు, ఊరి పేరు మీద పది మంది కలిసి పెట్టుకున్న సంఘాలు చాలావరకు ఈ బాపతే, అక్కడ మనుషుల్ని చూసి ఇవ్వడమే.

అన్నయ్య తర్వాత ఆ 990లోనే షెడ్యూల్ ఎఫ్ అనే భాగం దగ్గరికి వచ్చాడు, విదేశాలకి పంపిన డబ్బు వివరాలు అందులో ఉంటాయి. ఉత్సాహంగా తెరిస్తే ఏముంది, ప్రాంతం 'సౌత్ ఏషియా', ప్రయోజనం 'ఎడ్యుకేషన్', ఇంత మొత్తం. తీసుకున్న సంస్థ పేరు రాయాల్సిన గడి అక్కడ మసకగా ఉంటుంది, అక్కడ నింపక్కర్లేదు. సరే అటునుంచి దారి మూసుకుపోయింది, ఇటునుంచి చూద్దాం అని నేను ఎఫ్‌సీఆర్ఏ సైట్‌కి వెళ్ళా. విదేశీ డబ్బు తీసుకునే ప్రతి సంస్థా ఎఫ్‌సి-4 అనే రిటర్న్ హోం శాఖకి వెయ్యాలి. ఒకప్పుడు అవన్నీ ఆ సైట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉండేవి, ఎవరి దగ్గర్నుంచి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు, జిల్లాలవారీగా వెతుక్కునేవాళ్ళం. 2022 జులైలో ఆ జాబితాలు తీసేసారు. ఇప్పుడు సంస్థ తన వెబ్‌సైట్‌లో ఆడిట్ చేసిన లెక్కలు పెడితే చూస్తాం, లేకపోతే అడిగి తెప్పించుకుంటాం.

అంటే ఏమైందో చూడండి. డల్లాస్‌లో డాలర్ బయల్దేరిన దగ్గర్నుంచి విమానం ఎక్కేదాకా ప్రతి సెంటూ కనపడుతుంది. ఢిల్లీలో పార్లమెంట్ స్ట్రీట్ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో దిగుతుంది (2020లో చట్టం మార్చాక విదేశీ చందా ఎవరికొచ్చినా ముందు అక్కడే పడాలి). అక్కడితో దాత కళ్ళకి గంతలు. సరిగ్గా పిల్లాడి చేతికి చేరే చివరి మెట్టు దగ్గర చీకటి. ఆ 2020 మార్పుతోనే విదేశీ చందాలో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదన్నారు, అంతకుముందు 50 ఉండేది, ఒక సంస్థ ఇంకో సంస్థకి విదేశీ డబ్బు పంచడం కూడా బంద్. పెద్ద సంస్థల ద్వారా మండలాల్లో పనిచేసే చిన్నవాళ్ళకి చేరే డబ్బు దాంతో ఆగిపోయింది.

ఈ శాతాల గొడవ గురించి. మనవాళ్ళు ఎన్జీవో అనగానే అడిగే మొదటి ప్రశ్న 'జీతాలకి ఎంత పోతుంది'. నేనూ అదే అడిగేదాన్ని. 2013లో అమెరికాలో సంస్థలని చెక్ చేసే గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ (బెటర్ బిజినెస్ బ్యూరో) వాళ్ళ వైజ్ గివింగ్ అలయన్స్, ఈ ముగ్గురి అధిపతులూ కలిసి దాతలకి ఒక బహిరంగ లేఖ రాసారు, ఆఫీసు ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థని తూచకండి అని. ఏళ్ళ తరబడి ఆ శాతం చూపించి మార్కులేసినవాళ్ళే ఆ మాట అన్నారు మరి. ట్యూషన్ సెంటర్‌లో ఖర్చంటే టీచర్ జీతమే కదా, దాన్ని తగ్గించి గోడలకి రంగులేస్తే చదువొస్తుందా. దొంగ సంస్థకి శాతం బాగా చూపించడం పెద్ద పని కూడా కాదు, చందా అడిగే కరపత్రంలో నాలుగు లైన్లు 'అవగాహన' అని రాసి ప్రింటింగ్ ఖర్చులో కొంత కార్యక్రమాల కింద వేసుకుంటే సరి. (గైడ్‌స్టార్ 1994లో మొదలై 2019లో ఫౌండేషన్ సెంటర్‌తో కలిసి క్యాండిడ్ అయింది, వాళ్ళు బ్రాంజ్ నుంచి ప్లాటినం దాకా ముద్రలిస్తారు, ఆ ముద్ర ఎంత సమాచారం ఇచ్చారో చెప్తుంది, పని ఎలా ఉందో కాదు. అది తెలుసుకుని వాడితే మంచి సైటే, మూడు.)

ఇక అసలు సంగతి, పని జరిగిందా అన్నది. అమ్మ మొదటి ఆలోచన నోట్‌బుక్స్ పంచడం. మన దగ్గర జూన్ రాగానే లయన్స్ క్లబ్ దగ్గర్నుంచి అభిమాన సంఘాల దాకా అందరూ అదే చేస్తారు, ఫోటో కూడా బాగా వస్తుంది. నేనూ సై అన్నా. తర్వాత ఒక పరిశోధన కంటపడింది, అదీ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో చేసిందే, ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ళు. వంద ప్రభుత్వ బడులకి పిల్లల పుస్తకాలు, నోట్‌బుక్స్, రాత సామాను కోసం గ్రాంటు ఇచ్చారు, ఇంకో వంద బడులకి ఇవ్వలేదు, రెండేళ్ళు చూసారు. మొదటి ఏడాది ఎవరూ అనుకోకుండా వచ్చింది కాబట్టి మార్కులు పెరిగాయి. రెండో ఏడాది తల్లిదండ్రులకి ముందే తెలిసిపోయింది, ఎలాగూ బడిలో ఇస్తారుగా అని ఇంట్లో పుస్తకాలకి పెట్టే డబ్బు తగ్గించారు, మార్కుల్లో లాభం కనపడలేదు. జాంబియాలో కూడా ఇలాంటిదే తేలింది, 2013లో అచ్చయింది. ఆ తల్లిదండ్రులని తప్పు పట్టేదేముంది, ఆ డబ్బుతో ఇంట్లో ఇంకేదో అవసరం తీరి ఉంటుంది, బీదవాళ్ళకి సాయం అందినట్టే. కానీ 'మీ వెయ్యి రూపాయలతో ఒక పిల్లవాడి చదువు' అని రాసుకున్నది మాత్రం నిజం కాదు. ఎన్ని పంచాం అన్నది లెక్క, ఏం మారింది అన్నది వేరే లెక్క, వార్షిక నివేదికలన్నీ మొదటి దాంతోనే నిండి ఉంటాయి.

అదే పరిశోధకుల బృందం అయిదు జిల్లాల్లో 300 బడుల్లో ఇంకోటి చూసింది, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్. రెండేళ్ళకి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతావాళ్ళ కంటే ముందున్నారు. నాన్న ఉండుంటే దీని మీద ఒక సాయంత్రమంతా పోట్లాడేవారు, బోనస్ ఇస్తేనే పాఠం చెప్తామా అని. ఇలాంటిదే హైదరాబాద్ బస్తీల్లో జరిగింది ఇంకోటుంది, గుంటూరులో ఎన్జీవోగా పుట్టి తర్వాత ఫైనాన్స్ కంపెనీ అయిన స్పందన కొత్తగా అప్పులివ్వబోతుంటే 104 బస్తీలని తీసుకుని సగం బస్తీల్లో ముందు మొదలెట్టించి, మిగతా సగంతో పోల్చి చూసారు. ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, అభిజిత్ బెనర్జీ వాళ్ళు చేసింది, వాళ్ళకి తర్వాత 2019లో నోబెల్ వచ్చింది. కొందరు వ్యాపారాలు పెట్టారు, ఉన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది, కానీ పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబాటు వీటిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ రోజుల్లో చిన్న అప్పులతో పేదరికం పోతుందని ప్రతి మీటింగులో విజయగాథలు చెప్పేవాళ్ళు, ఒక్కో గాథా నిజమే అయ్యుండొచ్చు, అప్పు తీసుకోని పక్క బస్తీలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు.

ఫలితాన్ని ఇలా చూసే సైట్ అంటే గివ్‌వెల్. హెడ్జ్ ఫండ్‌లో పనిచేసిన హోల్డెన్ కార్నోఫ్‌స్కీ, ఎలీ హాసెన్‌ఫెల్డ్ 2007లో పెట్టారు. వందల సంస్థలకి స్టార్లివ్వరు, పరిశోధనలన్నీ వడపోసి గుప్పెడు పేర్లు చెప్తారు, టాప్ లిస్టులో నాలుగంటే నాలుగే, మలేరియా దోమతెరలు, మలేరియా మందు, విటమిన్ ఎ, నైజీరియాలో పిల్లలకి టీకాలు వేయిస్తే తల్లులకి కొంచెం డబ్బు. ఒక ప్రాణం నిలబెట్టడానికి కొన్ని వేల డాలర్లు అని వాళ్ళ అంచనా, ఆ లెక్క స్ప్రెడ్‌షీట్‌తో సహా బయట పెడతారు. నాకు బాగా నచ్చింది ఇంకోటుంది, వాళ్ళ సైట్‌లో 'మా తప్పులు' అని ఒక పేజీ. మొదట్లో వాళ్ళ వ్యవస్థాపకుడే వేరే పేరుతో ఇంటర్నెట్‌లో తమ సంస్థని పొగుడుకుంటూ రాసి దొరికిపోయాడు, బోర్డు జరిమానా వేసింది, అది కూడా అక్కడే రాసుకున్నారు. ఇలాంటి పేజీ ఉన్న తెలుగు సంస్థ ఏదైనా ఉంటే చెప్పండి, నేను వెతికి అలసిపోయా. అయితే నాకు దీంతో పని జరగలేదు. అమ్మకి దోమతెరల గురించి చెప్తే "మంచిదే, మరి మీ నాన్న పేరు మీద లెక్కలెవరు చెప్తారు" అంది. లెక్క ప్రకారం అమ్మది తప్పేమో, నేను వాదించలేదు. సైట్‌కి నాలుగు.

చివరికి ఏం చేసానంటే, చదువు మీద పనిచేసే మూడు సంస్థలకి ఒకే మెయిల్ పెట్టా. కిందటేడాది ఆడిట్ రిపోర్టు పంపగలరా, ఎంతమంది పిల్లలు చేరారు ఎంతమంది ఏడాది చివరిదాకా ఉన్నారు, మీరు మొదలెట్టి ఆపేసిన కార్యక్రమం ఏదైనా ఉందా ఎందుకు ఆపారు. మూడోది మా అన్నయ్య పెట్టిన ప్రశ్న, ఇంటర్వ్యూల్లో అడుగుతాడంట. ఒకదాన్నుంచి అందమైన పీడీఎఫ్ వచ్చింది, నలభై పేజీలు, నవ్వే పిల్లలు, అంకెలన్నీ పెద్ద సైజులో, నా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు, పైగా ఆ రోజు నుంచి రోజుకో వాట్సాప్ మెసేజ్. ఇంకోటి పెద్ద సంస్థ, అమెరికాలో శాఖ ఉంది, నాలుగు రోజులకి ఒకావిడ ఫోన్ చేసి ఎఫ్‌సి-4 కాపీ, ఆడిట్ రెండూ పంపి, ఒక జిల్లాలో ట్యాబ్‌లతో పాఠాలు పెట్టి ఏడాదికి ఎత్తేసాం, టీచర్లే వాడలేదండీ అని దాచకుండా చెప్పింది. మూడోది పల్నాడులో సాయంత్రం పూట లెక్కలు, తెలుగు చెప్పే చిన్న సొసైటీ, వెబ్‌సైట్ సగం తెరుచుకోదు, రిటైరైన మాస్టారు ఒకాయన నడుపుతారు. ఆయన మెయిల్ చూసుకోలేదు, నేనే ఫోన్ చేసా.

"చేరినవాళ్ళందరూ ఉండరమ్మా, మిరప కోతలొస్తే సగం మంది రారు, వాళ్ళమ్మా నాన్నలతో పొలానికి పోతారు, మేం ఆ రెండు నెలలూ టైం రాత్రికి మార్చి చూసాం, నిద్రపోతున్నారు" అన్నారు. లెక్కలు పంపండి మాస్టారూ అంటే, మా సెంటర్ గోడకి అంటించి ఉంటాయమ్మా ఫోటో తీసి పెడతా అన్నారు. వచ్చింది, వైట్ పేపర్ మీద చేతిరాత, జమా ఒక పక్క ఖర్చు ఒక పక్క, సుద్దముక్కలు 340 రూపాయలతో సహా, కింద ఆడిటర్ సంతకం ఉన్న కాగితం విడిగా. దాన్ని చూసి అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మా ఊళ్ళో వినాయక చవితి అయ్యాక నాన్న రామాలయం గోడ మీద ఇలాగే అంటించేవారు, ఎవరెంతిచ్చారు, పందిరికెంత, బ్యాండ్‌కెంత, మిగిలిందెంత. ఒకసారి పదకొండు రూపాయలు తేడా వస్తే మైకులో చెప్పి జేబులోంచి వేసారు, అది ఊళ్ళో చాలా ఏళ్ళు జోకు.

నేరుగా వెళ్ళి కూడా చూసొచ్చా, ఒక శనివారం. చెప్పకుండా వెళ్ళా, అది కొంచెం మర్యాద తక్కువే. చింతచెట్టు కింద సిమెంట్ అరుగు, ముప్పై మంది లోపు పిల్లలు, భాగహారం చేస్తున్నారు, ఏడో తరగతి పిల్లాడు మూడో తరగతి లెక్క దగ్గర ఆగిపోతే వాణ్ణి మూడో తరగతి గుంపులోనే కూర్చోబెట్టారు, సిగ్గుపడకుండా చేస్తున్నాడు. పిల్లాడు ఏ క్లాసులో ఉన్నాడని కాకుండా ఎక్కడ ఆగిపోయాడో చూసి చెప్పే ఈ పద్ధతినే ప్రథమ్ అనే చదువు ఎన్జీవో వాళ్ళు పెద్ద ఎత్తున చేస్తున్నారు, పరిశోధనల్లోనూ బాగా నిలబడిందని చదివా. మాస్టారు ఏ పరిశోధనా చదవలేదు, "వాడికి కూడికే రాదు, బీజగణితం ఏం చెప్తానమ్మా" అన్నారు.

ఒక చిక్కు వచ్చిపడింది, ఆయన సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ లేదు. అన్నయ్యది ఇండియన్ పాస్‌పోర్టే అయ్యుంటే తన సొంత సంపాదన మామూలు బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ చందా కిందకి రాదు. కానీ ఆయన ఆరేళ్ళ కింద అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నాడు, కాబట్టి ఆయన ఇచ్చేది విదేశీ చందా, తీసుకుంటే మాస్టారు ఇరుక్కుంటారు. నా అకౌంట్‌లో వేస్తే అని అడిగాడు, వద్దు అన్నా, ఇన్ని రోజులు పారదర్శకత గురించి చదివి మనమే దొంగదారి పట్టడమా. అందుకని ఆయన డాలర్లు, కంపెనీ మ్యాచింగ్ రెండూ ట్యాబ్‌ల సంగతి ఒప్పుకున్న పెద్ద సంస్థకి వెళ్ళాయి, నా 75 వేలు పల్నాడుకి.

చారిటీ నావిగేటర్‌కి నా మార్కు చెప్పలేదు కదా, ఐదుకి మూడు. పక్కా మోసాలని వడకట్టడానికి చాలు, నాలుగు స్టార్లున్నవాటిలో మంచిదేదో తేల్చడానికి చాలదు. మా మాస్టారి సొసైటీ ఈ స్టార్లు, ముద్రలు ఇచ్చే సైట్లలో ఒక్కదాంట్లో కూడా లేదు, ఆయనకి దర్పణ్ ఐడీ కూడా ఉందో లేదో అడగడం మర్చిపోయా.

రసీదు పోస్టులో వచ్చింది, నాన్న ఇంటిపేరు తప్పు రాసారు. ఫోన్ చేస్తే నొచ్చుకుని వేరేది రాసి పంపారు, పాతది తిప్పి పంపమన్నారు, రసీదు పుస్తకంలో నంబర్ తేడా వస్తుందంట. 10బిఇ ఇంకా రావాలి, మే 31 దాకా టైం ఉంది, రాకపోతే ఇక్కడే కింద రాస్తా.